అప్‌డేట్: 22 కిలోమీటర్ల వేగంలోనూ పడవ ముక్కు దిగింది

డాలస్ దగ్గరి లూయిస్‌విల్ సరస్సులో మా 14 అడుగుల అల్యూమినియం పడవ, 25 హెచ్‌పీ (హార్స్‌పవర్) మోటారు గురించి చెప్పి, నెమ్మదిగా వెళ్లేటప్పుడు పడవ ముక్కు (ముందు భాగం) పైకి లేవకుండా ఏం చేయాలని ఇక్కడ అడిగాను, గుర్తుందా? వేగం గంటకు 30 కిలోమీటర్ల లోపుకు తగ్గితే చాలు, ముక్కు పైకెత్తి, వెనుక భాగం నీళ్లలో కూరుకుపోయేది. నాన్నగారు ముందు కూర్చుంటే ఆయనకు ఆకాశమే కనిపించేది.

బరువు ముందుకు జరపమని మీరు చెప్పిన మాట నిజంగా పనిచేసింది. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ రెండూ వెనకే ఉండేవి. బ్యాటరీని ముందు బల్ల కిందకు మార్చి, పొడవాటి తీగలు వేశాను. మోటారు ఎంత వంగి ఉండాలో నిలిపే పిన్నును పడవ వైపుకు ఒక రంధ్రం జరిపాను. ఆ సాయంత్రమే తేడా తెలిసింది.

తర్వాత 12 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు లెక్కప్రకారం ముందుకు జరిగే దూరం) ప్రొపెల్లర్ తీసి 10 అంగుళాలది బిగించాను. పూర్తి థ్రాటిల్‌లో 4,900 దగ్గర ఆగిపోయే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఇప్పుడు 5,300 దాటుతోంది. గరిష్ఠ వేగం కాస్త తగ్గింది, నాకు బాధ లేదు. ఇద్దరం ఎక్కినా 22 కిలోమీటర్ల దగ్గర పడవ నీటి మీద చదునుగా జారుతోంది. వెనక నురుగు గీత సన్నగా, తిన్నగా సాగుతుంటే చూడడానికే ముచ్చటగా ఉంది.

పడవ వెనుక భాగాన్ని పైకి లేపడానికి మోటారుకు బిగించే హైడ్రోఫాయిల్ రెక్కలు కొనలేదు. వాటికోసం ప్రొపెల్లర్ పైనున్న మోటారు ప్లేటుకు రంధ్రాలు పెట్టడానికి మనసొప్పలేదు. మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.