వ్యవస్థను ఊచిరా, ఊపిరా?

అరసున్న: 1990 నవంబరులో ఐర్లండు అధ్యక్ష పదవికి ఎన్నికైన మేరీ రాబిన్సన్, విజయ ప్రసంగంలో తమ స్త్రీలను "మ్నా నా హేరెన్" అని ఐరిష్‌లోనే సంబోధించి, వారు ఊయలకు మారుగా వ్యవస్థను ఊపారని అన్నారు కదా. ఆ మాటకు తెలుగు చాలా ఏళ్ల క్రితం ఏదో పత్రికలో చదివాను. "ఊయల నూచుటకు మారుగా" అన్న మొదలు గట్టిగా గుర్తుంది. తరువాత "వ్యవస్థనే ఊచిరి" అని ఉందా, "ఊపిరి" అని ఉందా అన్నదే తేలడం లేదు.

తాళపత్రం: "ఊచిరి" అనే ఉండాలి. మూలంలో ఊయలకూ వ్యవస్థకూ ఒకే క్రియ వాడడంలోనే చమత్కారమంతా ఉంది కనుక, మొదట "ఊచుట" అన్న అనువాదకుడు రెండోచోట క్రియ మార్చడు. పైగా "వ్యవస్థనే ఊపిరి" అని అచ్చువేస్తే, వ్యవస్థే వారి ఊపిరి అని చదివేవారు కొందరైనా ఉంటారు. అది ఆమె అన్నదానికి తలకిందులు. అన్నమయ్య "ఉయ్యాలా బాలునూచెదరు" అన్నచోట చకారం తీసి పకారం పెట్టి పాడి చూడండి, ఊయల అక్కడే ఆగిపోతుంది.

గోదారి గట్టు: తాళపత్రం గారు పల్లవి సగమే పాడారు. ఆ వెంటనే "కడు నొయ్య నొయ్య" అని ఉంది. "కడున్ ఒయ్య" అని విడదీసుకుంటే ఊచడమంటే ఎంత మెత్తని పనో తెలుస్తుంది. బిడ్డను నిద్రపుచ్చే క్రియను అంత ఎన్నికకు ఎలా అంటగడతాం? ఆ ఎన్నికల ప్రచారంలో పాడ్రిగ్ ఫ్లిన్ అనే మంత్రి, ఆమె మేయో ప్రాంతంవాడే, ఈవిడకు కుటుంబం మీద కొత్తగా మమకారం పుట్టుకొచ్చిందని రేడియోలో ఎత్తిపొడిచి చేతులు కాల్చుకున్నాడు. 1937 నాటి వారి రాజ్యాంగం 41.2 అధికరణమైతే తల్లి ఇంటి బాధ్యతలనే ప్రత్యేకించి చెప్పింది. ఆమె ఊయల మాట ఎత్తింది వీటిని మనసులో పెట్టుకునేనని నా అనుమానం. అందుచేత "కుదిపిరి" అనడమే న్యాయం.

అరసున్న: నేను అడిగింది పకారమా చకారమా అని, మీరు కకారం తెచ్చారు. కుదుపు అనేది గతుకుల రోడ్డు మీద బస్సులో ఒక్కసారి తగిలి పోయేది. ఆమె పని అటువంటిది కాదు. 1969లో పాతికేళ్ల వయసుకే ట్రినిటీ కళాశాలలో న్యాయశాస్త్ర ఆచార్యురాలై, అదే ఏడు సెనేట్‌లో అడుగుపెట్టి, 1971లో గర్భనిరోధక సాధనాల మీద నిషేధం సడలించాలని బిల్లు తెస్తే సభ దాన్ని చదవనే లేదు. పరిమితంగానైనా అటువంటి చట్టం రావడానికి 1979 దాకా పట్టింది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే చట్టం మీద డేవిడ్ నోరిస్ తరఫున స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానంలో ఆమె వాదించిన కేసు 1988లో నెగ్గగా, ఆ తీర్పుకు తగినట్లు 1993లో వచ్చిన సవరణ మీద అధ్యక్షురాలిగా ఆమే సంతకం చేశారు. ఒకే తాడు పట్టుకుని ఇన్నేళ్లు కదిపినదాన్ని ఊపడమనే అనాలి.

తాళపత్రం: ఊచడమని కూడా అనవచ్చు.

చివరి బెంచీ: ఓట్ల లెక్క ఎవరూ చూడలేదు. మొదటి లెక్కింపులో బ్రయన్ లెనిహన్‌కు 44 శాతం, ఈమెకు 39 శాతం వచ్చాయి. మూడో స్థానంలో నిలిచిన ఆస్టిన్ కరీ లెక్కింపు నుంచి తొలగిపోయాక, ఆయనకు ఓటేసినవారి రెండో ప్రాధాన్యాలు పంచితే 8,17,830 ఓట్లతో ఈమె గెలిచారు. లెనిహన్ 7,31,273 దగ్గర ఆగిపోయారు. ఒక పక్కకు ఒరిగినది మరో పక్కకు రావడమే ఊగడమైతే, ఆ ఎన్నికకు "ఊపు" తప్ప మరో మాట అతకదు. మరొక సంగతి, వారి భాషలో అధ్యక్షుణ్ణి "ఉఖ్తరాన్" అంటారు. అందులోని "ఉఖ్తర్"కు పైభాగమనీ, పాల మీద తేలే మీగడ అనీ రెండర్థాలున్నాయి. మన మీగడ కూడా "మీ", "కడ" కలిసి పైభాగమైనదే. మీగాలులో ఉన్న "మీ" ఇదే. అసలైన అధికారమంతా ప్రధానమంత్రి దగ్గర ఉండగా, వలస వెళ్లినవారి కోసం అధ్యక్ష భవనం వంటింటి కిటికీలో దీపం పెట్టి, అదొక్కటే అందరికీ గుర్తుండిపోయేలా చేసుకున్న మనిషికి ఆ మీగడ బిరుదు బాగా నప్పింది.

తాళపత్రం: మీగడలో అరసున్న ఉంది, "మీఁగడ" అని రాయాలి. ఈ చర్చ మొదలుపెట్టిన వారి పేరే అరసున్న అయినప్పుడు కనీసం ఆ మర్యాదైనా పాటించాలి.

అరసున్న: మర్యాదకు సంతోషం. ఇంతకీ 1990 చివరి నెలల వారపత్రికలు బైండు చేయించి దాచుకున్నవారు ఎవరైనా ఉంటే, ఆ పేజీ తెరిచి ఒక్క అక్షరం చూసి చెప్పగలరా?

గోదారి గట్టు: మా ఇంట్లో ఉన్నవాటిలో ఆ ఏడాది అట్ట కింద చెదలు పట్టాయి. "ఊ" దాకా కనిపిస్తోంది.