స్పేస్ ఆడిటీ సింగిల్: నారింజ లేబుల్ ప్లేటు ఏ ఏడాదిది?

నల్లప్లేటు: నిన్న లండన్ నుంచి పార్సిల్ వచ్చింది. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ వ్యోమగామి మీద పాడిన ‘స్పేస్ ఆడిటీ’, ఏడంగుళాల సింగిల్ (ఒక్క పాట కోసం వేసే చిన్న ప్లేటు). అమ్మినాయన 1969 ఒరిజినల్ అని చెప్పి, దానికి తగ్గ ధరే తీసుకున్నాడు. లేబుల్ నారింజ రంగు, ఆర్‌సీఏ అని రికార్డు కంపెనీ పేరుంది. వెనకవైపు రెండు పాటలు. ఇది అసలుదేనా? ఇంకోటి, అంచు దగ్గర బూజు మచ్చలున్నాయి, దేంతో తుడవాలి?

పాతసూది: మోసపోయారండీ. 1969 జులై 11న వచ్చిన సింగిల్ ఫిలిప్స్‌ది, నంబరు బీఎఫ్ 1801. దాని వెనక ఒకటే పాట, ‘వైల్డ్ ఐడ్ బాయ్ ఫ్రమ్ ఫ్రీక్లౌడ్’. మీది 1975లో ఆర్‌సీఏ మళ్లీ వేసింది. నేనూ ఇలాగే ఓసారి సగం జీతం పోగొట్టుకున్నాను. లేబుల్ ఫొటో చూడందే పైసా పంపకండి.

లీడ్స్‌లో_తెలుగు: 1975దైతే ఏం తక్కువ? బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది ఆ ప్లేటే. 1969లో అయిదో స్థానం దాకే వెళ్లింది. పైగా వెనకున్న ‘వెల్వెట్ గోల్డ్‌మైన్’ అంతకుముందు ఎక్కడా రాలేదు. ఆ ఒక్క పాట కోసమే నేను కొన్నాను.

మోనోమూర్తి: పాతికేళ్లుగా ఈ ఒక్క పాట ప్లేట్లే పోగేస్తున్నాను, కాబట్టి చెబుతున్నా. నా లెక్కలో బ్రిటన్ 1969 మోనో (ఒకే చానెల్ ధ్వని) ప్లేటే గొప్పది, మిగతావన్నీ దాని తర్వాతే. 2019 మిక్స్ (పాత రికార్డింగులోని ధ్వనుల్నే కొత్తగా కలిపి వేసింది) మాత్రం కొనకండి. అప్పట్లో ఈ పాట చేయమంటే, చంద్రుడి మోజును సొమ్ము చేసుకునే ఎత్తుగడ అని నిర్మాత టోనీ విస్కోంటి వద్దన్నాడు. ఇంకో నిర్మాత గస్ డడ్జన్ చేశాడు. యాభై ఏళ్లకు మళ్లీ మిక్స్ చేసింది ఎవరు? అదే విస్కోంటి! డడ్జన్ 2002లోనే పోయాడు, అడిగేవాడు లేడు.

లీడ్స్‌లో_తెలుగు: మూర్తిగారూ, ఈ పాట ఉన్న ఆల్బమ్‌లో మిగతా పాటలన్నీ చేసింది విస్కోంటే. బోవీ చివరి ఆల్బమ్ దాకా పక్కనున్న మనిషి. ఆయన ముట్టుకోకూడదంటే ఇంకెవరు ముట్టుకోవాలి?

మోనోమూర్తి: ఎవరూ ముట్టుకోకూడదు. అదే నేననేది.

పాతసూది: విని మాట్లాడుతున్నారా, వినకుండానా?

మోనోమూర్తి: రెండూ పక్కపక్కన పెట్టుకుని రాత్రంతా విన్నాను. పాతికేళ్ల చెవులండీ ఇవి. మీరు నన్ను అడిగేదేంటి?

ఫియస్టా: గొడవ ఆపండి బాబూ. మొదట్లో వినిపించే ఆ జుమ్మనే మోత స్టైలోఫోన్‌ది. అరచేతిలో పట్టే పెట్టె, పెన్ను లాంటి పుల్లతో రేకు మీద తాకిస్తే పలుకుతుంది. వాయించింది బోవీయే. మెలోట్రాన్ (టేపుల మీదున్న వాద్యాల ధ్వనిని మీటలతో పలికించే పెట్టె) మీద రిక్ వేక్‌మన్. మా నాన్న ఫియస్టా ప్లేయర్ మీద మొదటిసారి విన్నప్పుడు స్పీకరు పాడైందని మా అమ్మ తీగ పీకేసింది. ఆ మోత ఏ ప్లేటులో విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పాతసూది: ఇటాలియన్‌లో బోవీయే పాడినది విన్నారా? అందులో వ్యోమగామే లేడు. ఒంటరి కుర్రాడు, ఒంటరి అమ్మాయి. పాట ప్రాణం తీసేశారు.

ఫియస్టా: 1980లో ‘అలబామా సాంగ్’ సింగిల్ వెనక బోవీ ఇదే పాట మళ్లీ పాడి వేసినది వినండి. వయొలిన్ల బృందం లేదు, మెలోట్రాన్ లేదు. అంత బోసిగా ఉన్నా గుండె పిండేస్తుంది.

లీడ్స్‌లో_తెలుగు: మా అమ్మాయికి ఈ పాట 2013లో వ్యోమగామి క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్ అంతరిక్ష కేంద్రం నుంచి పాడిన వీడియోతోనే తెలిసింది. దానికి ఏ ప్లేటూ అక్కర్లేదు.

మోనోమూర్తి: ప్లేటు అక్కర్లేదంటే ఇక్కడెందుకు రాస్తున్నారు?

నల్లప్లేటు: బూజు సంగతి ఎవరూ చెప్పలేదు.

పాతసూది: డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డ. గాడి వెంటే తుడవండి, అడ్డంగా వద్దు. లేబుల్ తడవనీయకండి. డబ్బు వెనక్కి అడుగుతున్నారా?

నల్లప్లేటు: సగం అడిగాను, ఇంకా జవాబు లేదు. ‘వెల్వెట్ గోల్డ్‌మైన్’ మాత్రం ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను.