జీన్ ఫ్లో పరిణామాన్ని ఆపుతుందా, నడిపిస్తుందా?

రావిఆకు:
పరిణామానికి కారణాలు చెప్పేటప్పుడు మ్యుటేషన్, ప్రకృతి వరణం, డ్రిఫ్ట్ (కేవలం అదృష్టవశాన జన్యువుల నిష్పత్తి మారడం)లతో పాటు జన్యు ప్రవాహాన్ని, అంటే జీన్ ఫ్లోని (ఒక జనాభా జన్యువులు ఇంకో జనాభాలో కలవడం) కూడా లిస్టులో వేస్తారు కదా. అదే పుస్తకం నాలుగు పేజీలు తిప్పితే, రెండు జనాభాల మధ్య జన్యువులు అటూ ఇటూ పోతుంటే అవి ఒకేలా తయారవుతాయి, కొత్త జాతులు పుట్టడం కష్టం అంటుంది. మరి ఇది కారణమా, అడ్డంకా? ఇంకో డౌట్: పక్షులు ఏటా వేల కిలోమీటర్లు వలస పోతాయి, అదంతా జీన్ ఫ్లో కిందకే వస్తుందా? పరీక్ష కోసం కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

పుప్పొడి:
రెండోది తేలిక కాబట్టి ముందు అది. వలస వేరు, జీన్ ఫ్లో వేరు. వెళ్లిన జీవి అక్కడ జతకట్టి, పిల్లలు బతికి, వాటి ద్వారా జన్యువులు అక్కడి జనాభాలో కలిస్తేనే లెక్క. చలికాలం ఎక్కడో గడిపి, మళ్లీ పుట్టిన చోటికే వచ్చి గుడ్లు పెట్టే పక్షి ఎంత దూరం ఎగిరినా లెక్కలోకి రాదు. చెట్టు మాత్రం అంగుళం కదలకపోయినా, దాని పుప్పొడి గాలికి పోయి ఇంకో చోట విత్తనం కట్టిస్తే అది జీన్ ఫ్లోనే.

ఇక మొదటిది. ఒక జనాభాలో యుగ్మ వికల్పాల (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల) నిష్పత్తి తరం నుంచి తరానికి మారితే అది పరిణామమే, అది రెండు జనాభాలను దూరం చేసినా సరే, దగ్గర చేసినా సరే. అసలు చూడాల్సింది బయటి నుంచి జన్యువులు ఎంత వేగంగా వస్తున్నాయి, వాటిని ఏరిపారేసే వరణం ఎంత గట్టిగా ఉంది అన్నది. వేల్స్‌లో పాత రాగి గనుల దగ్గర గడ్డి మీద 1960లలో చేసిన పని దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉదాహరణ. గని మట్టిలో రాగి ఎక్కువ, మామూలు గడ్డి విత్తనం పడితే చచ్చిపోతుంది, తట్టుకునే రకమే బతుకుతుంది. గాలి వచ్చే వైపు సరిహద్దులో తట్టుకునే గడ్డికీ మామూలు గడ్డికీ మధ్య మార్పు చాలా కొద్ది దూరంలోనే జరిగిపోతుంది. గాలి పోయే వైపు మాత్రం గని పుప్పొడి కొట్టుకుపోతుంది కాబట్టి, రాగే లేని పచ్చికలో కూడా చాలా దూరం దాకా ఆ గుణం కనిపిస్తుంది. గని మీది విత్తనాల్లో తట్టుకునే శక్తి అక్కడ పెరిగి పెద్దయిన మొక్కల్లో కంటే తక్కువ. అంటే బయటి జన్యువులు ప్రతి తరం లోపలికి వస్తూనే ఉన్నాయి, మట్టి ప్రతి తరం వాటిని చంపేస్తూనే ఉంది!

తోడేలుబాట:
పుప్పొడి గారు చెప్పింది బాగుంది కానీ, అందులో జీన్ ఫ్లో కాస్త విలన్‌లా కనిపిస్తోంది. చిన్న జనాభాల్లో కథ పూర్తిగా తిరగబడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా పాంథర్లు (ఇవీ పూమాలే, పెద్ద అడవి పిల్లులు) ముప్పై కూడా లేని స్థితికి పడిపోయి, దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలిగి, వంకర తోకలు, గుండె లోపాలు, మగవాటిలో కిందికి దిగని వృషణాలు, అన్నీ మొదలయ్యాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ పూమాలను తెచ్చి వదిలారు, వాటిలో 5 పిల్లల్ని కన్నాయి. తర్వాతి తరాల్లో ఆ లోపాలు తగ్గాయి, సంఖ్య కొన్నేళ్లలోనే బాగా పెరిగింది.

ఎంత రాకపోక కావాలి అంటే, జన్యుశాస్త్రవేత్త స్యూయల్ రైట్ లెక్క ప్రకారం తరానికి ఒక్క వలసజీవి వచ్చి పిల్లల్ని కన్నా చాలు, డ్రిఫ్ట్ వల్ల జనాభాలు మరీ దూరం జరగకుండా ఆగుతాయి. జనాభా వందైనా లక్షైనా అదే ఒక్కటి! పెద్ద జనాభాలో ఆ ఒక్కదాని వాటా తక్కువే, కానీ అక్కడ డ్రిఫ్ట్ కూడా అంతే బలహీనం కాబట్టి సరిపోతుంది. అయితే ఆ లెక్కలో ఊహలు చాలా ఉన్నాయి, అందుకే సంరక్షణ పని చేసేవాళ్లు 1 నుంచి 10 వరకు ఉండాలంటారు.

ఒక్కటి వస్తే అంతా సర్దుకుంటుందనీ కాదు. అమెరికాలో సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవికి 1997లో గడ్డకట్టిన ఆ సరస్సు మీదుగా ఒక మగ తోడేలు వచ్చింది. అది ఎంత బాగా నెగ్గిందంటే, కొద్ది తరాల్లో దీవిలో దాని రక్తం లేని తోడేలే లేకుండా పోయింది, దాంతో మళ్లీ బంధువుల మధ్యే జతలు. 2016 నాటికి మిగిలింది రెండే, ఆ రెండూ తండ్రీకూతుళ్లు, పైగా ఒకే తల్లి పిల్లలు.

రావిఆకు:
అమ్మో. సరే, వలస అంటే జీన్ ఫ్లో కాదన్నది క్లియర్. కానీ కొత్త జాతి పుట్టాలంటే మాత్రం రాకపోకలు పూర్తిగా తెగిపోవాల్సిందేనా?

మూడోకన్ను:
అక్కర్లేదు బ్రో. తెగిపోతే పని సులువవుతుంది, అంతే. పైన చెప్పిన గనుల గడ్డి కథలో ఇంకో ముక్క ఉంది: కొన్ని చోట్ల గని మీది మొక్కలు పక్క పచ్చికలో మొక్కల కంటే ముందే పూస్తాయి. పూత వేళలు కలవకపోతే పుప్పొడి రాకపోకలు వాటంతటవే తగ్గుతాయి, మధ్యలో కొండ అక్కర్లేదు, సముద్రం అక్కర్లేదు.

పైగా జాతి గీత దాటి కూడా జన్యువులు పోతుంటాయి. టిబెట్ వాళ్లకు ఎత్తైన చోట ఆక్సిజన్ తక్కువైనా తట్టుకోవడానికి సాయపడే ఈపాస్1 జన్యువు రూపం డెనిసోవన్ల (అంతరించిపోయిన ఒక ప్రాచీన మానవ జాతి) నుంచి వచ్చింది, 2014లో తేలింది. యూరప్‌లో కొన్ని ఇంటి ఎలుకలకు వార్ఫరిన్ విషాన్ని తట్టుకునే జన్యువు అల్జీరియా ఎలుకల నుంచి దక్కింది. మ్యుటేషన్ కోసం కూర్చోకుండా పక్క జాతి దగ్గర రెడీగా ఉన్నది అందుకోవడమే ఇది. నాకైతే జీన్ ఫ్లోలో ఇదే అన్నిటికంటే ఇంట్రెస్టింగ్, పాఠాల్లో మాత్రం ఒక్క లైన్‌తో సరిపెడతారు.

ఇంకా విచిత్రం పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో జరిగింది. డాఫ్నే మేజర్ దీవికి 1981లో వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పానోలా నుంచి ఒక పెద్ద మగ ఫించ్ (పిచ్చుకలాంటి చిన్న పక్షి) వచ్చి అక్కడి ఆడ ఫించ్‌తో జతకట్టింది. దాని పాట వేరు, ముక్కు వేరు. ఆ సంతతి రెండు మూడు తరాలకల్లా స్థానిక పక్షుల్ని వదిలేసి తమలో తామే జతకట్టడం మొదలెట్టింది, జీవశాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్‌ దంపతులు ఇదంతా కళ్లారా చూసి రాసుకున్నారు. రాకపోక వల్లే కొత్త వంశం మొదలైందన్నమాట.

పుప్పొడి:
వంశం అంటే ఓకే, జాతి అని మాత్రం అప్పుడే ముద్ర వేయకండి. మధ్యలో వచ్చిన కరువుకు ఆ వంశంలో ఒక అన్న, ఒక చెల్లి తప్ప ఎవరూ మిగల్లేదు, తర్వాత ఉన్నవన్నీ వాటి సంతానమే. తోడేళ్లకు పట్టిన గతి వీటికి పట్టదని ఇప్పుడే ఎవరు చెప్పగలరు?