నూటరెండు పెట్టె పొట్ట కోసి ఇత్తడి బాకాకు మోటారు పెడుతున్నారు

బరంపురం సూది:
హెచ్.ఎం.వి. 102 పోర్టబుల్ గ్రామఫోన్ పెట్టెలు బరంపురం పాత సామాన్ల కొట్లలో ఉత్త డొల్లలుగా కనబడుతున్నాయి. నల్ల రెక్సిన్ పెట్టె, మూత, లోపలి రేకు బాకా ఉంటాయి. కీ ఇస్తే తిరిగే స్ప్రింగు మోటారు, టోన్ ఆర్మ్ (సూదిని మోసే గొట్టపు చెయ్యి), సౌండ్ బాక్స్ (సూది అదురును పాటగా మార్చే డబ్బా) ఉండవు. ఆ మోటారు ఎక్కడికి పోతోందో ఇక్కడ అందరికీ తెలిసిందే. ఎనిమిది పలకల కొత్త చెక్క పెట్టెలోకి దూరుతుంది. పైన తళతళలాడే ఇత్తడి బాకా, ముందువైపు కుక్క బొమ్మ స్టిక్కరు. హోటల్ రిసెప్షన్‌లో పెట్టుకోడానికి అది చాలు మరి.

102నే ఎందుకు పీకుతారంటే, దాని మోటారు పొట్టిది, గట్టిది. 1931లో మొదలై 1950ల దాకా వచ్చిన మోడల్ కాబట్టి సులువుగా దొరుకుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎలా ఉంది? డొల్ల పెట్టెను మళ్లీ పాడించిన వాళ్లుంటే ఎలా చేశారో రాయండి.

గుణుపురం బండి:
ఇటూ అదే వరస మాస్టారూ. ముందు కొత్తగా కొనేవాళ్ల కోసం నకిలీని పట్టే గుర్తులు రాస్తా, ఎందుకంటే కొనేవాడు ఆగితేనే పీకేవాడు ఆగుతాడు.

తిరిగే పళ్లెం తీసి కింది పలక చూడండి. మోటారుతో సంబంధం లేని స్క్రూ కన్నాలుంటాయి, లేదా మోటారు కాళ్ల కింద ఎత్తు సరిపెట్టిన చెక్క ముక్కలుంటాయి. కీ పెట్టే కన్నం మధ్యలో కాక ఓ పక్కకు జరిగి, కీ కడ్డీ చెక్కకు రాసుకుంటూ తిరుగుతుంది. పోర్టబుల్ కోసం పుట్టిన మోటారు వేరే గోడకు అతకదు కదా. ఇక బాకా. హెచ్.ఎం.వి. బయటి బాకా మోడళ్లలో ఎక్కువ బాకాలు రంగు వేసిన రేకువి, లేదా చెక్కవి. ఇత్తడివీ ఉన్నాయి గానీ, గోటితో కొడితే నూనె డబ్బాలా మోగవు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష టోన్ ఆర్మ్. పాట ఆపి ఆర్మ్‌ను మెల్లగా మధ్యకు తిప్పండి. అసలు దానిలో సూది మొన స్పిండిల్ (పళ్లెం మధ్య మొల) దగ్గరికి వస్తుంది. నకిలీలో ఎక్కడో పక్కకు పోతుంది. అలాంటిదాని మీద పెడితే సూది గాడి గోడను గీకుతుంది, నాలుగు పాటలకే ప్లేటు (రికార్డు) మీద బూడిద రంగు పొడి తేలుతుంది. పద్యాల ప్లేట్లు దాని మీద మాత్రం పెట్టకండి బాబూ.

జయపురం ప్లేటు:
అన్నా, విప్పడమే పాపమన్నట్టు మాట్లాడితే రేపు మన పెట్టెలకు స్ప్రింగు ఎక్కణ్నుంచి తెస్తాం? 2013 అక్టోబరు ఫైలిన్‌కో 2018 తిత్లీ తుఫానుకో నీళ్లలో నానిన పెట్టె ఉందనుకోండి. చెక్క ఉబ్బి, జిగురు వదిలి, అడుగు ఊడి ఉంటుంది. దాన్ని విప్పి ముక్కలు దాచుకోవడమే మంచిది. పెట్టె, పలక, ఆర్మ్ మూడూ బాగుంటే చెయ్యి పెట్టకూడదు. మోటారు ఒక్కటే చెడితే మోటారు మార్చాలి, పెట్టెను చంపకూడదు. నా లెక్క అంతే.

బరంపురం సూది:
ఒప్పుకున్నా. కానీ తుక్కువాళ్లు విప్పే తీరుతో ఆ ముక్కలూ దక్కడం లేదు. స్ప్రింగు బిగిసి ఉండగానే గవర్నరు (వేగాన్ని అదుపు చేసే భాగం) ఊడదీస్తున్నారు. పట్టు పోగానే గేర్లన్నీ ఒక్కసారి విరుచుకుపడి తిరుగుతాయి, పళ్లు చెక్కుకుపోతాయి. ఆ మోటారు అటు నకిలీకీ పనికిరాదు, ఇటు మనకీ పనికిరాదు.

సౌండ్ బాక్సుదీ అదే గతి. 5ఎ, 5బి రకాల వెనుక భాగం జింకు పోత లోహం. అందులో సీసం లాంటి కల్తీ ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ లోపల్లోపలే తుప్పు పట్టి ఉబ్బుతుంది, సన్నటి బీటలు వస్తాయి. ఆర్మ్ చివర పట్టే రబ్బరు కూడా రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని మెలి తిప్పి లాగితే పుటుక్కున విరుగుతుంది. హెయిర్ డ్రయ్యరుతో కాసేపు వెచ్చజేసి, నిదానంగా అటూ ఇటూ కదిపితే చాలాసార్లు వదులుతుంది. బీట కనబడితే మాత్రం ముట్టుకోవద్దు. ఉబ్బిన పోతను అతికించే జిగురు లేదు.

పాత కీ:
విప్పక తప్పని వాళ్లకు వరస రాస్తున్నా. తలకిందులు చేయకండి.

ముందు బ్రేకు వదిలి, పళ్లెం దానంతట అది ఆగేదాకా తిరగనివ్వండి. తర్వాత కీ, పళ్లెం తీసి, పలక స్క్రూలు విప్పి మోటారు బయటికి తీయండి. ఏ స్క్రూ ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి. స్ప్రింగు డబ్బా అసలు ప్రమాదం. కీ పూర్తిగా వదిలినా డబ్బా లోపల స్ప్రింగు బిగువుగానే ఉంటుంది. తోలు గ్లవ్సు, కళ్లద్దాలు పెట్టుకుని, డబ్బాను మందపాటి గోనెతో చుట్టి, మధ్య నుంచి ఒక్కో చుట్టా బయటికి రానివ్వాలి. వేలు కోసుకుపోయే ఉక్కు అది. పిల్లల్ని దగ్గరకు రానీయొద్దు.

కిరోసిన్‌తో కడిగాక రెండు కొసలూ చూడండి. తరచూ బయటి కొస కన్నం దగ్గర విరుగుతుంది. విరిగితే అంతమేర కోసేసి, చివరి రెండు మూడు సెంటీమీటర్లే ఎర్రగా కాల్చి, నిదానంగా చల్లారనిచ్చి, కొత్త కన్నం వేసి పాత ఆకారానికి ఆకురాయి పట్టాలి. వేడి లోపలికి పాకితే పదును పోతుంది, అక్కడే మళ్లీ విరుగుతుంది. తర్వాత గ్రాఫైటు గ్రీజు పల్చగా పూయాలి. కొబ్బరి నూనె పోసే అలవాటు ఈ ప్రాంతంలో ఉంది, మానండి. అది జిగురై చుట్టలు అతుక్కుంటాయి, ఒక్కసారిగా విడిపోయినప్పుడు పాట మధ్యలో 'ధబ్' మని మోగుతుంది.

గవర్నరుకు మూడు గుళ్లు, మూడు పల్చటి రేకు స్ప్రింగులు. ఒకటి విరిగితే మూడూ మార్చండి, లేదంటే గొంతు వణుకుతుంది. తోలు ప్యాడుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క.

పర్లాకిమిడి వీధి:
పాత కీ గురువుగారూ, ఇది డిస్కుది కాదు. గొట్టాల ఎడిసన్ ఫోనోగ్రాఫు అమ్మకానికి వచ్చింది. రిప్రొడ్యూసర్ (దాని సౌండ్ బాక్స్) తీసేసి విడిగా అమ్ముతున్నాడు. విడివిడిగా తీసుకోవచ్చా?

పాత కీ:
తీసుకోవచ్చు, కానీ గొట్టం ఏ రకమో ముందు తేల్చుకోండి. రెండు నిమిషాల గొట్టంలో అంగుళానికి 100 గాడులు, 1908 నుంచి వచ్చిన నాలుగు నిమిషాల దానిలో 200. సీ రకం రిప్రొడ్యూసర్ రెండు నిమిషాలకు, హెచ్ రకం నాలుగు నిమిషాలకు. హెచ్ రకంలోని సన్న నీలం రాయి (సఫైర్) మొనను రెండు నిమిషాల వెడల్పు గాడి మీద పెడితే మైనం గీరుకుపోతుంది. మీ వాన గాలికి గొట్టం మీద తెల్ల బూజు వచ్చి ఉంటే తుడవొద్దు. పైన వేలు పెట్టకుండా, లోపలి నుంచి రెండు వేళ్లు విప్పి పట్టుకోండి. కొనేటప్పుడు రిప్రొడ్యూసర్‌ను గొట్టం వెంట జరిపే ఫీడ్ స్క్రూ, దాన్ని పట్టుకునే హాఫ్ నట్ పళ్లు అరిగాయేమో చూడండి. రిప్రొడ్యూసర్ పీకినవాళ్లు వాటినీ గీకి ఉంటారు.

గుణుపురం బండి:
మైకా డయాఫ్రం (అదిరే పల్చటి బిళ్ల) ఉన్న పాత సౌండ్ బాక్సులకు గట్టిపడ్డ రబ్బరు తీసి సైకిలు వాల్వు ట్యూబు వేస్తున్నారు. పనిచేస్తుంది, కాస్త గట్టిగా ఉంటుంది, మెత్తటి సిలికాన్ గొట్టం మేలు. మైకా మధ్యలో సూది కడ్డీ తగిలేచోట తేనెమైనం చుక్క వేయడం మరిచిపోతే గరగర వస్తుంది.

ఇంకోటి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. 101 మోడల్ 1925లో వచ్చింది, తొలి పెట్టెలు ఆ గీతకు చేరాయి. 102కి ఇంకా ఆ రక్షణ లేదు, కాబట్టే దాని మీద పడ్డారేమో.

జయపురం ప్లేటు:
డొల్లకు పాత మోటారు బిగించిన వాళ్లు వేగం చూసేటప్పుడు ఓ మాట. 77 గీతల చక్రం 50 సైకిళ్ల కరెంటు బల్బు కింద నిలిచినట్టు కనబడితే నిమిషానికి 78 చుట్లకు దగ్గరే. కానీ ఎల్.ఇ.డి. బల్బు చాలావాటిలో మినుకుమనదు, గీతలు ఆగవు. పాత ఫిలమెంటు బల్బు పెట్టండి. అది దొరక్కపోతే పళ్లెం అంచుకు కాగితం ముక్క అంటించి నిమిషానికి చుట్లు లెక్కపెట్టండి, అదీ సూది ప్లేటు మీద ఉండగానే. ఖాళీగా తిప్పి సరిచేస్తే పాట మొదలవగానే నెమ్మదిస్తుంది.