‘తన కోపమె’ సరే, ససెప్టిబిలిటీని ఏమందాం?

పదాన్వేషి:
టైప్ 1 మధుమేహం మీద కరపత్రం. ఒంటి కాపలాయే క్లోమంలోని బీటా కణాల మీద తిరగబడుతుందని చెప్పే చోట సుమతీ పద్యం పెడదామంటే, ‘తన కోపమే తన శత్రువు’ ఎన్నిసార్లు చదివినా కుంటుతోంది. పనిలో పని: జెనెటిక్ ససెప్టిబిలిటీకి, అంటే జన్యువుల వల్ల జబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా ఉండటానికి, ‘జన్యు గ్రాహ్యత’ నప్పుతుందా?

కందాభిమాని:
కుంటు ‘మే’ దగ్గర, అసలు పాదంలో ఉన్నది ‘మె’. తనకో, పమెతన, శత్రువు: సగణం, నలం, భగణం, మొత్తం 12 మాత్రలు. దీర్ఘమిస్తే 13. పైగా రెండో గణం జగణమై మూడోదీ జగణమవుతుంది. కందంలో బేసిగణం జగణం కాకూడదు కదా!

లోలకం:
కరపత్రానికి గణాలెందుకండీ? నోటిమాటలో అందరం ‘కోపమే’ అంటాం.

కందాభిమాని:
పద్యమని చెప్పి పెట్టేటప్పుడు పద్యంలాగే పెట్టాలి.

జన్యుపాఠి:
గ్రాహ్యత వద్దు. గ్రాహ్యమంటే పుచ్చుకోదగినది, జబ్బును పళ్లెంలో పెట్టి ఇస్తున్నట్టుంది. ‘వంశపారంపర్యం’ ఇంకా ప్రమాదం. కొత్తగా బయటపడ్డవాళ్లలో 100కి 85 మందికి పైగా ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు ఉండదు. తండ్రికుంటే బిడ్డకు వచ్చే అవకాశం 100లో 6 దాకా, తల్లికుంటే దాదాపు 3. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికొస్తే రెండోవారికి వచ్చి తీరాలనీ లేదు. ‘జన్యు మొగ్గు’ అనండి.

లోలకం:
మొగ్గులో మనసు ఉంది. ‘సంగీతం వైపు మొగ్గు’ అంటాం. జబ్బు మీద ఎవరికి మనసు?

జన్యుపాఠి:
త్రాసు మొగ్గుకు మనసెక్కడిది? ఆరో క్రోమోజోము పొట్టి భుజం మీద ఉండి, ఒంటి కాపలాకు తనదేదో పరాయిదేదో చూపే హెచ్‌ఎల్‌ఏ జన్యువులే ఇక్కడ పెద్ద తూకపు రాళ్లు. వాటిలో డీఆర్3-డీక్యూ2, డీఆర్4-డీక్యూ8 అనే కూర్పులు రెండూ ఒకరిలోనే కలిస్తే ముల్లు బాగా ఒరుగుతుంది. వాటిలోనే ఒకటైన డీక్యూబీ1 జన్యువులో 06:02 రకం ఉంటే అవతలి పళ్లెం బరువు. ఆ జన్యువు చేయించే ప్రొటీన్ డీక్యూ బీటా గొలుసు. దాని 57వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లమనే అమైనో ఆమ్లముంటే సాధారణంగా కాపుదల, దాని బదులు అలనిన్ ఉంటే ముప్పు. మీ ‘మె’ లాగే, ఒక్క అక్షరం!

కందాభిమాని:
ఇది బాగుంది. కానీ ఒంటి కాపలాలో ఉండి బీటా కణాల మీద పడే టీ కణానిది కోపం కాదు, తనదాన్ని పరాయిదనుకునే పొరపాటు. పోలిక కుదరాలంటే రెండో పాదానికి రండి: ‘తన శాంతమె తనకు రక్ష’. ఛాతీలోని గ్రంథి థైమస్‌లో టీ కణాలకు నేర్పేది ఆ శాంతమే.

జన్యుపాఠి:
దెబ్బకు దారిలోకొచ్చారు. పదకొండో క్రోమోజోము మీద ఇన్సులిన్ జన్యువు ముందర పదేపదే వచ్చే ఒక డీఎన్ఏ వరుస ఉంది. అది పొడుగైతే థైమస్‌లో ఇన్సులిన్ ఎక్కువ తయారై, దాని మీద పడే కణాలు అక్కడే ఏరివేతకు గురవుతాయి. పొట్టిదైతే ఆ ఏరివేత పలచన.

పదాన్వేషి:
మరి బీటా కణాల్లోని ప్రొటీన్లు జీఏడీ, ఐఏ-2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8, ఇన్సులిన్... వీటి మీది ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కనబడితే? అదీ మొగ్గేనా?

జన్యుపాఠి:
కాదు. ఈ నాలుగింట్లో రెండు, ఆపైన నిలకడగా కనబడితే చక్కెర మామూలుగా ఉన్నా జబ్బు మొదటి దశ కింద లెక్క. జన్యువు మొగ్గు, ప్రతిరక్షకాలు మొదలు. కరపత్రాల్లో ఈ రెండూ కలిపేస్తారు. హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చూసి జబ్బు ఉందనుకోవడం అక్కడే పుడుతుంది.

లోలకం:
‘మొగ్గు’ చదివి పువ్వు మొగ్గ అనుకుంటే?

కందాభిమాని:
అది ‘గ్గ’, ఇది ‘గ్గు’. అదలా ఉంచండి, రెండో పాదంలో యతి చూశారా? ‘తన’కు ‘దయ’. త, ద ఒకే వర్గం. ఆ ‘దయ చుట్టంబౌ’ను ‘దయే చుట్టం’ అని రాసేవాళ్లను ఏమనాలి?