జేడ్ మొక్క వేళ్లకు తెల్లటి పొర, ఏం చేయాలి?

హాల్లో కిటికీ దగ్గరున్న జేడ్ ఎదుగుదల ఆగి, ఆకులు ముడతలు పడుతున్నాయి. నీళ్లు సరిగానే పోస్తున్నాను. కుండీలోంచి తీస్తే వేళ్లకూ, కుండీ లోపలి అంచులకూ తెల్లటి దూదిలాంటి పొర. బూజా, పురుగా? మా అమ్మ ఇచ్చిన మొక్క, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బూజు కాకపోవచ్చండీ, వేళ్లకు పట్టే పిండినల్లి అనే పురుగులా ఉంది. పుల్లతో గీరి భూతద్దంతో చూడండి, సన్నటి తెల్ల పురుగులు కనిపిస్తాయి. పాత మట్టంతా దులిపి కవర్లో కట్టి పారేయండి, దయచేసి వేరే కుండీల్లో కలపొద్దు. వేళ్లను కుళాయి కింద కడిగి, కుళ్లినవి కత్తిరించండి. జేడ్ తన మందపాటి ఆకుల్లో నీరు దాచుకుంటుంది కాబట్టి కొన్ని రోజులు నీడలో ఆరబెట్టినా ఏమీ కాదు. తర్వాత కొత్త మట్టిలో నాటండి.

మరొకరు: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు ద్రవం కలిపి పోస్తే చాలదా?

జవాబు: అదొక్కటే చాలదు. ఆ పురుగుల ఒంటి మీది మైనం మందును సరిగా అంటనివ్వదు. ముందు కడగాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: పురుగులేనండీ, కడిగేశాను. అదే ట్రేలో కలబంద కూడా ఉంది, ఏం చేయను?

జవాబు: దాన్నీ తీసి చూడండి. కుండీ అడుగు రంధ్రాల్లోంచి పక్క కుండీకి పాకుతాయి. ఇకమీదట ఒక్కో కుండీకి ఒక్కో పళ్లెం పెట్టండి.