పాత జెన్ బంపర్‌కి పెయింట్ నిలవడం లేదు: మొత్తం తీసేసి మళ్లీ వేయాలంటే ఎలా?

జెన్97_గుంటూరు:
1997 మారుతి జెన్ కారు, ముందు బంపర్. అంచుల దగ్గర పెయింట్ పొరలు పొరలుగా లేస్తోంది. నంబర్ ప్లేటు కింద గోరుతో లాగితే అరచేయంత ముక్క ఊడొచ్చింది, అడుగున నల్ల ప్లాస్టిక్ నున్నగా మెరుస్తోంది. లోపలివైపు పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) అని అచ్చు ఉంది. ఎడమ మూల క్లిప్పు దగ్గర 4 సెంటీమీటర్ల పగులు. షెడ్డులో అడిగితే రిమూవర్ పూసి గీకేసి, పుట్టీ పెట్టి కొడతామంటున్నారు. రిమూవర్ వాడొచ్చా? పుట్టీ ఏది మంచిది? రంగు మెటాలిక్ సిల్వర్. బంపర్ విప్పి, స్ప్రే ముందు వరకు పని ఇంట్లోనే చేద్దామని ఆలోచన.

బంపర్_పని:
రిమూవర్ వద్దండి. రేకు మీద అయితే పెయింట్ ఉబ్బి లేస్తుంది, రేకుకి ఏమీ కాదు. ప్లాస్టిక్‌లోకి మాత్రం ఆ ద్రావకం ఇంకుతుంది. పైపొర మెత్తబడుతుంది, కొత్త పెయింట్ వేశాక అది మెల్లగా బయటికొస్తూ బుడగలు లేపుతుంది. అయినా గోరుతో ఊడే పెయింట్‌కి రిమూవర్ దేనికి? నున్నటి ప్లాస్టిక్ కనిపిస్తోందంటే అక్కడ ముందు ఎమరీ పట్టనూ లేదు, అడ్హిషన్ ప్రమోటరూ (ప్లాస్టిక్‌కి పెయింట్ అంటుకునేలా ముందు కొట్టే పొర) లేదు.

ముందు కడగాలి, తర్వాతే ఎమరీ. ఈ వరస మారిస్తే పాలిష్, మైనం, సిలికాన్ అంతా గీతల్లోకి దిగిపోయి ఇక రాదు. గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లు, బూడిదరంగు స్కాచ్‌బ్రైట్‌తో లోపలి మడతలు కూడా రుద్దండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడి గుడ్డ ఒకటి, వెంటనే పొడి గుడ్డ ఒకటి. బంపర్ మీద ఆల్కహాల్ ఆరిపోయేలోపు తుడిచేయాలి, లేకపోతే జిడ్డు చోటు మారుతుందే తప్ప పోదు.

లేచిన పెయింట్‌ని హెయిర్ డ్రయర్‌తో చేయి ఆనించగలిగేంత వేడి చేసి, ప్లాస్టిక్ గీకుడు బిళ్లతో తోయండి. హీట్ గన్ ఒకేచోట నిలిపితే బంపర్ వంకర పోతుంది, ఆ వంకర మళ్లీ సరి కాదు. గట్టిగా పట్టుకున్న చోట 180 నంబరు ఎమరీతో, సాండర్ (ఎమరీ పట్టే మిషన్) వేగం తగ్గించి తీయండి. తర్వాత 320, చివరికి 400 నీళ్లతో. గట్టి పెయింట్ మిగిలితే దాన్ని పూర్తిగా తీయనక్కర్లేదు, అంచులు పలచబరిస్తే చాలు.

పీపీ దగ్గర అందరినీ విసిగించేది నూగు. సాండర్ వేడికి ప్లాస్టిక్ కరిగి వెంట్రుకల్లా లేస్తుంది. ప్రైమర్ కింద అది కప్పబడిపోతుందనుకోకండి, ఇంకా నిక్కబొడుచుకుంటుంది. కొత్త బ్లేడుతో కోసేసి 500 నంబరు నీళ్లతో మళ్లీ రుద్దాలి.

పగులుకి ఎపాక్సీ, ఫైబర్ రెజిన్ పీపీకి అంటవు. పగులు కొసన 3 ఎంఎం రంధ్రం వేసి ఆపండి, వెనకవైపు వీ ఆకారంలో గాడి తీసి పీపీ రాడ్‌తో వెల్డింగ్ చేయించండి. మూల కాబట్టి వెనక స్టీలు జాలీ ముక్క కూడా కరిగించి పొదగమనండి.

జెన్97_గుంటూరు:
వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఇక పుట్టీ, ప్రైమర్ సంగతి?

స్ప్రేగన్_హైదరాబాద్:
ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ అసలు పెట్టనివ్వకండి. గట్టిపడి, బంపర్ వంగిన మొదటిసారే పగులుతుంది. గుంటలుంటే ప్లాస్టిక్ బంపర్ పుట్టీ, అది కూడా పీపీకి పనికొస్తుందని డబ్బా మీద ఉన్నదే, ఒక ఎంఎం మించకుండా.

ప్లాస్టిక్ కనిపించే ప్రతిచోటా అడ్హిషన్ ప్రమోటర్ రెండు పలచటి కోట్లు. దీన్ని మందంగా కొడితే అదే ఒక బలహీనమైన పొర అవుతుంది. ఎమరీ పెట్టకూడదు. డబ్బా మీద రాసిన గడువులోపు ప్రైమర్ పడాలి, దాటితే మళ్లీ ప్రమోటరే. షెడ్డులో ఈ ఒక్క పని మాత్రం దగ్గరుండి చూసుకోండి, ఎగ్గొట్టినా వేసిన రోజు ఎవరికీ తెలియదు.

ఆపైన 2కే (హార్డెనర్ కలిపి వాడే) ప్రైమర్ రెండు కోట్లు, ఆరాక 600 నీళ్లతో. ఫ్లెక్స్ ఎడిటివ్ (పెయింట్ పగలకుండా వంగేలా చేసే ద్రవం) ప్రైమర్‌లోనూ క్లియర్‌లోనూ (పైన వేసే రంగులేని మెరుపు పొర) కలపాలి, బేస్ కోట్‌లో (రంగు పొర) సాధారణంగా అక్కర్లేదు. పాళ్లు ఆ కంపెనీ షీటులో ఉన్నంతే. ఎక్కువైతే క్లియర్ రోజుల తరబడి మెత్తగా ఉండి మెరుపు చచ్చిపోతుంది. ఈ ఒక్క బంపర్‌కి కలిపిన ప్రైమర్ పావు లీటరు, బేస్, క్లియర్ ఒక్కోటి 400 మిల్లీలీటర్ల లెక్కన ఉంచుకోండి.

సిల్వర్ కాబట్టి ఇంకో మాట. బంపర్‌ని నేల మీద పరిచి కొట్టకూడదు, కారు మీద ఎలా ఉంటుందో అలాగే స్టాండుకి తగిలించాలి. అల్యూమినియం రేణువులు పడుకునే తీరుని బట్టి రంగు లేతగానో ముదురుగానో కనిపిస్తుంది. ఒకే డబ్బా రంగు బానెట్‌తో కలవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ముందు చిన్న రేకు ముక్క మీద కొట్టి, క్లియర్ కూడా వేసి, ఎండలో బానెట్ పక్కన పెట్టి చూడమనండి.

2కే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు (ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు) ఉంటాయి. గుడ్డ మాస్కు, ఎన్95 వాటిని ఆపవు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే స్ప్రే ఇంట్లో వద్దు.

డాలస్_తెలుగు:
అచ్చు కనబడని బంపర్ ఉన్నవాళ్లు పెయింట్ లేని చిన్న చెక్కు కోసి నీళ్లలో వేయండి. పీపీ తేలుతుంది, యూరిథేన్, ఏబీఎస్ అనే వేరే ప్లాస్టిక్‌లు మునుగుతాయి. అద్దాల కవర్ల లాంటి ఏబీఎస్ మీద థిన్నర్ గుడ్డ పెట్టారంటే జిగురు అయిపోతుంది.

ఇక్కడి పాత కార్వెట్ (షెవ్రొలే స్పోర్ట్స్ కారు)లకు 1973 నుంచి ముందు బంపర్, 1974 నుంచి వెనకది కూడా యూరిథేన్ తొడుగు. పై పద్ధతిలో కొంత దానికి మారుతుంది. ప్రమోటర్ అవసరం పీపీకి ఉన్నంత ఉండదు గానీ, యూరిథేన్ ద్రావకాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. లాకర్ థిన్నర్‌తో పాత పెయింట్ కడిగేద్దామనుకుంటే తొడుగు అలలు తేలుతుంది. అక్కడ చేతి ఎమరీయే దారి. పాతబడి పొడి రాలుతున్న యూరిథేన్ మీద ఏ పెయింటూ నిలవదు, తొడుగే మార్చాలి.

బంపర్_పని:
బిగించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ముట్టుకుంటే ఆరినట్టున్నా క్లియర్ లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. కనీసం ఒక రోజు ఆగి, ఇద్దరు పట్టుకుని, మూలలు ఎక్కువ తెరవకుండా క్లిప్పుల్లోకి నెట్టండి. మైనం పాలిష్ ఒక నెల దాకా వద్దు.